బతికున్న దొరకి చావుగంట

థార్న్‌హోమ్ కోటలో మంచుకొట్టు పేరెత్తితేనే మా ఊళ్లో మాటలు ఆగిపోయేవి. చలికాలంలో చెరువు మీద కోసిన మంచుగడ్డల్ని వేసవిదాకా దాచే నేలమాళిగ అది. పూర్వం ఒక వంటమనిషి అందులో బిగుసుకుపోయి చచ్చిందట... పొద్దుగూకితే ఏడుస్తుందట. నేను ప్రభువుని నమ్ముకున్నదాన్ని, దెయ్యాల్ని నమ్మను. అలాగని ఆ దారిన పోను కూడా.

ఆ దారిన వెళ్లినవాడు మా అన్న జేబెజ్. చర్చిలో గంట కొట్టేవాడు.

అసలు ముందు దొరసాని సంగతి చెప్పాలి. యూజీనియాగారు కథలు రాసేది. గొప్పింటి ఆడది అచ్చుకి రాయడమేమిటని దొర ఆవిడ కాగితాలన్నీ పొయ్యిలో వేశాడు. ఇంకోసారి రాస్తే కూతుళ్లని కంటికి కనపడనివ్వనన్నాడు. ఆవిడ ఆ మంట దగ్గరే చేతులు కాచుకుందట.

సరే... నవంబరు సాయంత్రం. పొగమంచు. మా అన్న మంచుకొట్టు దాటబోతున్నాడు — లోపల మగగొంతు. బొంగురుగా, అచ్చం దొరగారిది.

"ఆ సూపులో... ఏం కలిపావు?"

ఒక మూలుగు.

తర్వాత ఆడగొంతు, నెమ్మదిగా... "పోయాడు. పీడ విరగడైంది."

మా అన్న చర్చికి ఒకటే పరుగు. మా దగ్గర ప్రాణం పోగానే గంట మోగాలి, లేకపోతే ఆత్మకి దారి దొరకదు. మగవాడికి మూడేసి చొప్పున మూడుసార్లు, ఆపైన వయసెంతో అన్ని దెబ్బలు. దొర వయసు ఊరందరికీ తెలుసు — పుట్టినరోజుకి బీరు పోయిస్తాడుగా.

కోటలో దొర కౌజుపిట్ట తొడ కొరుకుతూ దెబ్బలు లెక్కపెట్టాడు.

"నా ఈడువాడే. ఎవడోయ్ పోయింది?"

"తమరేనటండి," అన్నాడు బట్లరు, గిన్నె అందిస్తూ. "ఊళ్లో అనుకుంటున్నారు."

దొర మా అన్నని పిలిపించి విన్నదంతా చెప్పించుకున్నాడు. కాసేపటికి లాంతరు, చేతికర్రతో దొర, ముందు మా అన్న, మంచుకొట్టు దగ్గర.

"నన్ను చంపిందెవరో చూస్తాను. తలుపు తియ్యి."

మా అన్న తలుపు కాస్త తీశాడు...

లోపల కొవ్వొత్తి. శాలువా కప్పుకుని దొరసాని. ఒళ్లో కాగితాలు — రాసింది తనే ఇద్దరి గొంతులతో చదువుకుంటోందన్నమాట. సిరా అంటిన వేలు పెదవుల మీద. ఆవిడకీ గంట వినబడిందట. ఎవరు పోయారో అధ్యాయం అయ్యాక కనుక్కుందామనుకుందట.

మా అన్న తలుపు మూసి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు దొరా. ఎవరికోసం గంట మోగిందో వాళ్లు ఈ గడప తొక్కితే... ఆ గంట నిజమైపోతుంది."

మా అన్న జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే, ప్రభువు మన్నించుగాక.

దొర నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ఎన్నాళ్లు రాకూడదు?"

"ఏడాది దొరా."

తలుపు సందులోంచి గుసగుస. "ఏడాది ఎలా సరిపోతుంది జేబెజ్? మూడు సంపుటాలు లేనిదే నవల ఎవరూ అచ్చెయ్యరు."

మా అన్న గొంతు సవరించుకున్నాడు.

"మూడేళ్లు, దొరా."