నలభై ఆరు ఫిర్యాదులు

“ఈ సాఫ్ట్‌వేర్ చేసింది ఎవరు?”

జంషెడ్‌పూర్ కద్మాలోని తెలుగువాళ్ల హాల్లో ఆ ఆదివారం ఆరుగురు కూర్చుని, ల్యాప్‌టాప్ తెరలో మరో ఐదుగురిని పెట్టుకుని, తమ సాఫ్ట్‌వేర్ గుర్తు బొమ్మకు నీలం వేయాలా, ఆకుపచ్చ వేయాలా అని మూడో గంట వాదించుకుంటున్నారు. ఆ వేడికి, బయట వానలో తడుస్తున్న స్కూటర్ల సీట్లు కూడా మెత్తబడ్డాయి. నమ్మకపోతే మీ ఇష్టం. అంత వేడిలోకి, నీళ్లు కారుతున్న గొడుగుతో వచ్చి నిలబడింది యోగిత.

“నేనేనండీ, జయప్రకాష్,” అంటూ ఒకడు లేచాడు. వాడి మొహం వెలిగిపోయింది. రెండేళ్లుగా కష్టపడుతున్నాడు గానీ, దాన్ని వాడే మనిషిని కళ్లారా చూడటం అదే మొదలు.

“మా ల్యాబ్‌లో నలుగురం. నలుగురికీ ఒకే రోజు ఆఫ్ ఇచ్చీసింది మీ సాఫ్ట్‌వేరు! పేషెంట్లు పరగడుపున వచ్చి, తాళంకప్పకి రక్తం ఇచ్చుకుని పోవాలేటి?”

“అయ్యో! ఒక బగ్ రిపోర్ట్ రాయండి.”

“ఇప్పుడు చెప్పీసేను కదా!”

“నోటితో చెబితే ఎలాగండీ? వెబ్‌సైటులో రాయాలి. మీరు ఏం చేశారు, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది.”

“మీరు నా ఎదురుగానే ఉన్నారు!”

“వో తో హై, అదీ నిజమే,” అన్నాడు జయప్రకాష్ వినయంగా. “కానీ పద్ధతి పద్ధతే కదండీ.”

యోగిత గొడుగు దులిపింది. ఆ నీళ్లన్నీ పోయి తెరలో మాట్లాడుతున్న బ్రెజిల్ ఆయన మొహం మీద పడ్డాయి. కావాలని దులపలేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

జయప్రకాష్‌ది కద్మా పక్కనే ఉన్న సోనారి. పగలు ఊరవతల గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. మిగతా ప్రాణమంతా ‘పాలీ’ మీదే. జంషెడ్‌పూర్‌లో ఏ ఇంటి బతుకైనా షిఫ్టుల చుట్టూనే తిరుగుతుంది. ఎవరికి ఎప్పుడు డ్యూటీ, ఎవరికి ఎప్పుడు ఆఫ్ అని లెక్కకట్టి చెప్పేదే పాలీ; హిందీలో ఆ మాటకి షిఫ్టు అనే అర్థం. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, లోపలేముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. పద్నాలుగుమంది దానికి శ్రమదానం చేస్తున్నారు. అందులో పదకొండుమంది కమిటీ. మిగతా ముగ్గురు, కమిటీ ఎలా నడవాలో నిబంధనలు రాస్తున్నారు. పని మాత్రం జయప్రకాష్ చేస్తాడు.

యోగిత ఇంటికి వెళ్లగానే రిపోర్టు రాసింది. అతను గంటలో సరిచేసి “ధన్యవాదాలు” అన్నాడు. ఇంకో తప్పు దొరికింది, రాసింది. అదీ సరయింది. తప్పు చెప్పగానే ధన్యవాదాలు చెప్పే మగవాణ్ణి ఆమె అంతకుముందు ఎరగదు. క్రమంగా పాలీలో తప్పులు తగ్గాయి గానీ, యోగిత రాయడం తగ్గలేదు.

ముప్పై ఒకటో ఫిర్యాదు: “ఆదివారం నాకు ఆఫ్ అని చూపిస్తోంది. ఆ రోజు జూబ్లీ పార్కుకి ఎవరితో వెళ్లాలో చూపించడం లేదు.”

జవాబు: “ఇది మా పరిధిలోకి రాదు. మూసివేస్తున్నాం.”

ముప్పై ఎనిమిదోది: “వాన పడితే ఒకరు గుర్తొస్తున్నారు. జరగాల్సింది: వాళ్లకి నేనూ గుర్తు రావాలి. జరిగింది: ఏమీ లేదు.”

జవాబు: “మా దగ్గర ప్రయత్నించి చూశాం. ఈ సమస్య రాలేదు. మీరు ఏ ఫోన్ వాడుతున్నారు?”

అది చదివి ఆమె విసిరిన ఫోను సోనారి ఎయిరోడ్రోమ్ దాకా ఎగిరిందనీ, అక్కడివాళ్లు విమానమనుకుని దీపాలు వెలిగించారనీ అంటారు. నేను చూడలేదు.

ఇంతలో వైజాగ్ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి శివశంకర్. యోగిత తండ్రి సీతారాం టాటానగర్ స్టేషన్లో పాయింట్స్‌మన్. పెళ్లిచూపులకు తనతోపాటు అన్నగారు, బావమరిది కూడా ఉండితీరాలని ఆయన పట్టు. ముగ్గురివీ మూడు షిఫ్టులు. ముగ్గురికీ కలిసి ఆఫ్ దొరికే రోజు మూడు నెలల దాకా లేదని పాలీ తేల్చేసింది. యోగిత ఆ రోజు పాలీకి దణ్ణం పెట్టుకుంది.

సీతారాం మాత్రం జయప్రకాష్‌కి ఫోన్ చేశాడు. “బాబూ, మా యోగితకి పెళ్లిచూపులు. మేం ముగ్గురం కలిసే రోజే లేదంటోంది. ఇదేటి సాఫ్ట్‌వేరు?”

ఒక పెద్దాయన తన సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడు! జయప్రకాష్ మూడు రోజులు సెలవు పెట్టి, ఎవరు ఎవరితో డ్యూటీ మార్చుకుంటే సరిపోతుందో చెప్పే కొత్త ఫీచర్ రాశాడు. దెబ్బకి వచ్చే ఆదివారమే ఖాళీ అయింది. వెంటనే లోకానికి ప్రకటించాడు: “ఈ సౌకర్యం తొలిసారిగా కద్మా సీతారాంగారి అమ్మాయి పెళ్లిచూపులకు ఉపయోగపడుతున్నందుకు గర్విస్తున్నాం.” అది రాస్తుంటే ఛాతీలో ఎక్కడో కలుక్కుమంది. టీ ఎక్కువైందనుకున్నాడు.

గురువారం సాయంత్రం అతను ఫ్యాక్టరీ గేటు దాటేసరికి ఎదురుగా స్కూటర్, దాని మీద యోగిత.

“ఏటి చేసినావో తెలుసా?”

“కొత్త ఫీచర్. సరిగ్గా రాలేదా?”

“బెమ్మాండంగా వచ్చింది. ఆదివారం పదింటికి వైజాగ్ వోళ్లు వత్తన్నారు. మా నాన్న ఊఁ అంటే అయిపోయినట్టే.”

“అయితే... కంగ్రాట్స్?”

“నలభై ఆరు రాసేన్రా నీకు!”

“అవన్నీ పాలీ గురించి కదా?”

“వాన గురించి రాసింది పాలీ గురించా?”

జయప్రకాష్ తెరిచిన నోరు మూయలేదు. “అంటే, ముప్పై ఎనిమిదోది...”

“ఆఁ.”

“ముప్పై ఒకటోది...”

“ఆఁ!”

“నాలుగోది?”

“అది నిజంగానే బగ్గు. ముందు ఆ ఫీచర్ తీసెయ్.”

“పెట్టడమైతే నేనొక్కణ్ణే పెట్టొచ్చు గానీ, తీయలేను. కమిటీలో ఇద్దరు ఒప్పుకోవాలి.”

యోగిత స్కూటర్ వెనక్కి తిప్పింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి జయప్రకాష్ మొదటిసారి ఏ ఫోన్ వాడుతున్నారని అడగలేదు. స్కూటర్ వెళ్లిపోయింది.

శుక్రవారమంతా కమిటీ కూర్చుంది. ఫీచర్ తీసేయడానికి ప్రేమ చాలినంత కారణమేనా అని ఒకరు అడిగారు. ముందు ప్రేమను నిర్వచించడానికి ఉపసంఘం వేయాలని ఇంకొకరు అన్నారు. బ్రెజిల్ ఆయన బొమ్మ రంగు సంగతి తేలాక చూద్దామన్నాడు.

జయప్రకాష్ స్నేహితుడు చిన్నారావుకి ఒళ్లు మండింది. “అరే, నీకు కావాల్సిన పర్మిషన్ బ్రెజిల్‌లో ఉందేట్రా? కద్మాలో ఉంది. చల్, ఫో!”

శనివారం పొద్దున్న సీతారాం ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు జయప్రకాష్.

“రా బాబూ! కస్తూరీ, టీ పెట్టు, పాలీ బాబు వచ్చినాడు,” అని భార్యను కేకేశాడు సీతారాం.

“అంకుల్, రేపు ఆ పెళ్లిచూపులు వద్దండీ.”

“ఏఁ? లెక్క తప్పిందేటి?”

అవునని తలూపితే చాలు. పెళ్లిచూపులు ఆగిపోతాయి. జయప్రకాష్ తల సగం ఊగి ఆగింది.

“లెక్క కరెక్టే అంకుల్. తప్పు నాది. నాకు యోగితంటే ఇష్టం. తెలుసుకోడానికి చాలా లేటైంది.”

సీతారాం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచీవచ్చు అంటావు కదా నీ సామాన్ని. సంసారం కూడా అలాగే చేత్తావేటి?”

“నాన్నా! నేనేటి సాఫ్ట్‌వేరునా?” లోపలి గదిలోంచి యోగిత అరిచింది.

“నువ్వాగమ్మా, నన్ను అడగనీ.”

“లేదంకుల్. సంసారంలో ఆవిడెలా చెబితే అలాగే.”

“అది నాకు తెలిసిన పద్ధతే,” అని సీతారాం వంటింటి వైపు ఓసారి చూశాడు. “లెక్క తప్పిందని ఓ ముక్క అనుంటే నమ్మీసీవోణ్ణి బాబూ. ఎందుకు అనలేదు?”

“మీరు దాన్ని నమ్మి డ్యూటీలు మార్చుకున్నారు కదంకుల్.”

పట్టాలు కలిపే పని చేసే మనిషి సీతారాం. చూపుకి తేడా కనపడకపోయినా, పట్టా ఎటు తిరిగిందో ఆయనకి తెలుస్తుంది. ఫోన్ తీసుకుని లేచాడు. “ఏటమ్మా, నీ మాటేటి?”

యోగిత గుమ్మంలోకి వచ్చింది. “నాకిష్టమే నాన్నా. కానీ ఈయన మీతో చెప్పేడు, నాతో చెప్పలేదు.”

“అది మీరిద్దరూ చూసుకోండి,” అని ఆయన వైజాగ్ నంబరు నొక్కుతూ వరండాలోకి వెళ్లాడు.

జయప్రకాష్ మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూశాడు. నాలుగోసారి, “నువ్వంటే నాకు చాలా ఇష్టం,” అన్నాడు గొణుగుతూ.

“వినపళ్లేదు.”

“నువ్వంటే నాకిష్టం!”

“ఇంకా గట్టిగా.”

“యోగితా, నువ్వంటే నాకు చాలా ఇష్టం! తుమ్హారీ కసమ్, నీ మీదొట్టు!”

ఎదురింటి కుక్క లేచి మొరిగింది. వంటింట్లోంచి కస్తూరమ్మ టీ గ్లాసులతో నవ్వుతూ వచ్చింది. వెనకాలే, అరచేత్తో ఫోన్ మూసుకుని సీతారాం వచ్చాడు.

“ఇంక నేను చెప్పక్కర్లేదు. ఆళ్లకీ వినపడిపోయింది,” అన్నాడు. “ఆ శివశంకరం బాబు చానా మంచోడు. మీ ఇద్దరికీ ఆశీర్వాదాలు చెప్పమన్నాడు.”