నూట తొంభై లెక్కల తర్వాత ఒక్క దెబ్బ

గిద్దలూరు స్టేషన్‌లో మిట్టమధ్యాహ్నం, ప్లాట్‌ఫారం నిండా జనం ఉండగా శ్రీరాములు చచ్చిపోయాడు. నీళ్ళ కుండ దగ్గర వంగినవాడు మళ్ళీ లేవలేదు. వడదెబ్బ అన్నారంతా. అతని మెడ వెనక సూది దిగిన గుర్తును డాక్టరు కనిపెట్టేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. జేబులో ఒక సంగీత కచేరీ ప్రోగ్రాం కాగితం దొరికింది. అందులో చివరి ఐటెం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

మూడో రోజు ఆ కాగితం మద్రాసులో చీఫ్ టేబుల్ మీద ఉంది. ఎదురుగా సీక్రెట్ ఏజెంట్ రామసుబ్బయ్య నిలబడ్డాడు.

"జపాన్ భయంతో మద్రాసు ఖాళీ అవుతోంది," అన్నాడు చీఫ్. "ఒక కాలేజీ సింఫనీ ఆర్కెస్ట్రా మార్కాపురంలో ఒక పలకల షెడ్డుకు షిఫ్టయింది. శనివారం సాయంత్రం వాళ్ళ సమ్మర్ కాన్సర్ట్. ఈ శతాబ్దం మొదట్లో యూరప్‌లో పుట్టిన సంగీతం. కోస్తా డిఫెన్స్ ప్లాన్ చూసే బ్రిగేడియర్, ఆయన స్టాఫ్ ముందు వరసలో ఉంటారు. ఎనిమీ స్పై రింగ్ టార్గెట్ వాళ్ళే. మన ఏజెంట్ శ్రీరాములు ఆ వాసన పట్టాడు, పోయాడు."

"కాన్సర్ట్ క్యాన్సిల్ చెయ్యండి సార్."

"చేస్తే రింగ్ మాయమవుతుంది. ఇంకోచోట ఇంకో బాంబు పెడుతుంది."

"ఆ ఆర్కెస్ట్రాలో నా కూతురుంది సార్!"

చీఫ్ చుట్ట ఆర్పాడు. "తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. నీకంటే జాగ్రత్తగా ఎవడు చూస్తాడు?"

రామసుబ్బయ్యకు ఒళ్ళు మండింది. కానీ ఏం చేస్తాడు? ముక్కుపొడి డబ్బాలో కెమెరా, ఊతకర్రలో కత్తి సర్దుకుని రైలెక్కాడు.

మార్కాపురంలో వేషాలు పనికిరావు. అది అతని సొంత ఊరు. గడ్డం అంటించుకుని దిగితే "ఏంది రామసుబ్బయ్యా, గడ్డం పెంచినావు?" అని టీకొట్టు దగ్గరే అడుగుతారు. అందుకని ఊరికి తెలిసిన ఇన్సూరెన్స్ ఏజెంటుగానే దిగాడు.

షెడ్డు బయట రేకుల పంచలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని పలకలు చెక్కుతున్నారు. అతని వదిన చెంచమ్మ ఒక్కో పలకనూ ఎత్తి వేలితో కొడుతోంది. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే పగులుంది. ఉన్నట్టుండి ఆమె సుత్తితో ఒక పలక అంచు మీద టకటకటక మూడుసార్లు కొట్టింది. అంతే! ముప్పై జతల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అది 'చేతులాపు' అనే గుర్తు; దొంతరలో పగులు దొరికిందంటే తర్వాతి దెబ్బకు పలకలన్నీ పోతాయి మరి. తల్లి పోయాక పెద్దమ్మ దగ్గరే ఈ పంచలో పెరిగిన అతని కూతురు రంగనాయకమ్మ మామిడిముక్క తింటూ ఉండింది. ఆ ముక్క కూడా నోటి దగ్గరే ఆగింది.

"మద్రాసు చదువు చదివినా ఈ అలవాటు పోలా దీనికి," అని చెంచమ్మ నవ్వింది.

రంగ పరుగెత్తుకొచ్చింది. "నాయనా! నాకు పెద్ద డ్రమ్ము ఇచ్చినారు. ఆఖరి ఐటెంలో నూట తొంభై లెక్కపెట్టి ఒక్క దెబ్బ కొట్టాల. ఒక్కటే! లెక్క తప్పినానంటే అంతా పోతాది. రిహార్సల్ నిన్ననే అయిపోయింది, ఇంక సాయంత్రమే."

"తప్పవులేమ్మా," అన్నాడు.

షెడ్డు వెనక ఒక సిల్కు చీర నీడలో నిలబడి ఉంది. చెల్లో వాయించే ప్రేమకుమారి. ఆ పెదవుల రంగుకు సగం కాలేజీ పడిపోయింది. రింగ్‌లో పనిచేస్తూ రింగ్ సంగతులు చీఫ్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్.

"కొమరోలులో వాన పడిందటగా?" అందామె.

"పెద్దారవీడు దాకా రాలేదు," అన్నాడతను. కోడ్ కుదిరింది.

"బ్రిగేడియర్ కుర్చీ కింద. టైం బాంబ్. ఆరింటికి."

నిజంగానే ఉంది. చెమట కళ్ళలోకి కారుతుంటే రామసుబ్బయ్య ఊతకర్ర కత్తితో రెండు తీగలు కోశాడు. గడియారం ఆగింది. ఇంత తేలికగానా? మనసు ఒప్పుకోలేదు. కానీ షెడ్డంతా వెతికినా ఇంకేమీ దొరకలేదు.

ఐదుగంటలకు కచేరీ మొదలైంది. రేకుల కింద ఉక్క ఉడికిపోతోంది. ముందు వరసలో యూనిఫారాలు, గోడ పొడుగునా పలకల ఆడవాళ్ళు. వయొలిన్లు సన్నగా, ఎవరో ఇంట్లోకి దొంగతనంగా వస్తున్నట్టు మొదలయ్యాయి. వెనకాల చీకటిగా బాకాలు లేచాయి. వేదిక చివర రంగ కదలకుండా నిలబడి ఉంది.

చివరి ఐటెం మొదలైంది. రంగ పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

సగంలో ప్రేమకుమారి ముఖం చిట్లించి, తీగ తెగినట్టు సైగ చేసి, చెల్లో అక్కడే ఆనించి పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. రామసుబ్బయ్య ఆ చెల్లో వైపు చూశాడు. నాలుగు తీగలూ బిగువుగా ఉన్నాయి.

మరి ఆమె ఎందుకు పారిపోయినట్టు?

అప్పుడే చెంచమ్మ అతని మోచేయి లాగింది. చేతిలో సుత్తి, ఒళ్ళో పలక అలాగే ఉన్నాయి.

"మరిదీ, ఒక మాట. తిట్టొద్దు. ఆ పెద్ద డోలు పగిలింది."

"ఏంది?"

"పొద్దున తుడస్తా వేలితో కొట్టినా, ఖంగుమనింది. ఇందాక మేము మీదికెత్తేటప్పుడు కొట్టినా, మూగబోయింది. బరువు గూడా ఎక్కింది. పగులు ఎవరి చేతిలో కనబడితే తప్పు వాళ్ళదే గదా, అందుకని నోరు మూసుకున్నా. ఇప్పుడు పిల్ల కొట్టినాక పగిలిందంటే దాన్నంటారేమోనని..."

మొద్దుగా పలికింది. బరువెక్కింది. లోపల పేలుడు మందు ఉంది! తోలు మీద దెబ్బ పడితే పేలుతుంది. ఎర్ర సున్నా అదే. కుర్చీ కింది బాంబు తనను నమ్మించడానికి. ఆ దెబ్బ కొట్టేది తన బిడ్డ.

"రంగా!" అని అరిచాడు. నలభై వాయిద్యాల హోరులో ఆ అరుపు అతనికే వినపడలేదు. రంగ చూపు కండక్టర్ చేతిలోని బ్యాటన్ మీదే ఉంది. వేదికకు అరవై అడుగులు, మధ్యలో కుర్చీలు, జనం. రంగ కర్ర రెండు చేతులా పైకెత్తింది.

"వదినా! పలక కొట్టు! చేతులాపు!"

చెంచమ్మ ఎందుకని అడగలేదు. పలక ఎత్తి అంచు మీద సుత్తి వేసింది.

టకటకటక!

ఆ సన్నటి రాతి శబ్దం హోరును కోసుకుంటూ పోయింది. గోడ పొడుగునా ఊగుతున్న విసనకర్రలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆఖరి దెబ్బ కోసం బ్యాటన్ దిగింది. సంగీతం ఆగింది.

దెబ్బ పడలేదు.

రంగ చేతులు గాల్లోనే ఉన్నాయి. డ్రమ్ము తోలుకు కర్రకు మధ్య జానెడు దూరం.

రామసుబ్బయ్య కుర్చీల మీంచి దూకి వెళ్ళి ఆ కర్ర లాక్కున్నాడు. తర్వాత కూతురిని పట్టుకున్నాడు, వదల్లేదు. బ్రిగేడియర్ లేచి చప్పట్లు కొట్టాడు.

"వెరీ మోడర్న్!" అన్నాడు పక్కవాడితో. "ఎండింగ్ అద్భుతం."

డ్రమ్ము వెనక తోలు విప్పితే పలకల క్వారీలోంచి దొంగిలించిన డైనమైటు కట్టలు పదహారు బయటపడ్డాయి. ప్రేమకుమారి కారు దాకా వెళ్ళింది కానీ, అక్కడే పలకల బండి తోలే యల్లమ్మ బండి అడ్డంగా పెట్టుకుని పక్కకు జరగలేదు. ఆ సిల్కు చీర కొంగులో పొడుగాటి సూది ఒకటి దొరికింది. శ్రీరాములు సంగతి అట్లా తేలింది.

మెట్ల మీద రంగ ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. ఆమెకు డైనమైటు సంగతి ఎవరూ చెప్పలేదు, డ్రమ్ము పగిలిందనే చెప్పారు.

"నూట తొంభై లెక్కపెట్టినా నాయనా, ఒక్కటి తప్పలా. ఉండేది ఒక్క దెబ్బ, అది గూడా కొట్టనీకపోతిరి!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రామసుబ్బయ్య కూతురి పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

"వచ్చే వేసవికి కొడుదువుగానీలే తల్లీ," అన్నాడు. "ఈసారి ఆ డోలుకు నేనే ఇన్సూరెన్స్ చేయిస్తా."