పేరు లేని పాఠాలు

ఊళ్ళో తెలీబంధా చెరువు దగ్గర తోటి ఏజెంట్ పరదేశిని కాల్చి చంపారని ఫోన్ వచ్చేసరికి ఏజెంట్ ఆరోన్ అటుకుల పోహా తింటున్నాడు. తినడం ఆపలేదు. ఎనిమిదేళ్ళ స్నేహితుడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు, రాలేదు.

"అతని మిషన్ ఇక నీది," అన్నాడు చీఫ్ ధనుంజయ్. "బ్లూ కైట్, విదేశీ ముఠా. టీచర్లు రాసుకున్న పాఠాలు లాక్కుని, మళ్ళీ మన బడులకే అమ్ముతుంది. ఇవాళ్టి టార్గెట్ గుఢియారీ బడిలో ప్రమీల టీచర్. హోటల్లో సన్మానం."

ప్రొజెక్టర్ మెకానిక్ వేషంలో ఆరోన్ హాల్లోకి వెళ్ళాడు. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న యాంకర్ ప్రియదర్శిని అతని దగ్గరికి వచ్చింది. బ్లూ కైట్ జీతం తీసుకుంటూ మనవాళ్ళకి పనిచేసే డబుల్ ఏజెంట్.

"బల్బు పోయిందా?" కోడ్ అడిగింది.

"పోలేదు. అలిసిపోయింది."

"పొద్దున్నే ఆవిడ చేత సంతకం చేయించారు. ఆ కాగితం ప్రకారం, శాలువా కప్పగానే పాఠాల హక్కులన్నీ బ్లూ కైట్‌వి. తొందరగా."

స్టేజి వెనక ప్రమీల టీచర్ ఒక్కతే కూర్చుంది. ఆరోన్ పొద్దుటి సంతకం గురించి అడిగాడు.

"సంతకమా? టిఫిన్ కూపన్‌కేమో అనుకున్నా బాబూ. అందరూ పెట్టారు కదా."

"పాఠాల మీద మీ పేరెందుకు లేదు?"

"పిల్లల పాఠానికి నా పేరెందుకు? అందరికీ వాట్సాప్‌లో పంపేస్తా. ఎవరైనా వాడుకోవచ్చు."

"ఆ మాట ఎక్కడా రాయలేదమ్మా. రాయకపోతే వాడే హక్కు ఎవరికీ లేనట్టే. రేపు మీ బడిలో మీ పాఠం చెప్పినా నోటీసొస్తుంది."

ఆవిడ చెయ్యి చీర కొంగు మీద ఆగిపోయింది. "అరే, ఇప్పుడెలా?"

"ఓపెన్ లైసెన్స్ ఇవ్వండి. మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని మళ్ళీ ఇదే షరతు మీద పంచాలి. ఒకసారి ఇచ్చాక ఎవరూ రద్దు చెయ్యలేరు, హక్కులు కొన్నవాళ్ళు కూడా."

పెన్నులో దాచిన మోడెమ్ ఆన్ చేశాడు. పాఠాలన్నీ ఆవిడ ఫోన్‌లోంచి నెట్‌లోకి ఎక్కుతున్నాయి. మైకులో ఆవిడ పేరు పిలిచారు.

"ఇక్కడ మీ పేరు టైపు కొట్టండి."

"సిగ్గేస్తోంది బాబూ."

"కొట్టండమ్మా."

కొట్టింది. ఫోన్ ఆరోన్ చేతిలో పెట్టి స్టేజి ఎక్కింది. శాలువా మడత విప్పారు. ఫోన్ తెర మీద ఆకుపచ్చ గీత చివరికొచ్చి ఆగింది. శాలువా భుజాల దాకా వచ్చింది. ఫోన్ మోగింది: పబ్లిష్డ్. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు.

ఆరోన్ చీఫ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"అంటే బ్లూ కైట్ కూడా వాడుకోవచ్చా?" అడిగాడు చీఫ్.

"వాడుకోవచ్చు సర్. ప్రతి పాఠం మీదా టీచర్ పేరు రాయాలి. మనవాళ్ళు ఎలాగూ ఉచితంగా వాడుకుంటారు, ఇక ఎవడు కొంటాడు?" మోడెమ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "పరదేశి పేరు ఎక్కడ రాస్తాం సర్?"

"మన పనిలో పేర్లుండవు ఆరోన్. భోంచెయ్యి."

భోజనాల దగ్గర కూపన్ ఇస్తూ సంతకం పెట్టమన్నారు. వెనక లైను పెరుగుతోంది. ఆరోన్ ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా, రెండుసార్లు చదివాడు.