నోట్లో మిరప తొడిమ

"హలో! మిమ్మల్నే. ముందు అది పారేయండి!"

ప్రసన్నకుమార్ వెనక్కి తిరిగేలోపే ఆ అమ్మాయి వచ్చి మీద పడినంత పని చేసింది. చేతిలో శాంపిల్ కవర్లు, ముఖానికి మాస్కు, మాస్కు పైన రెండు పెద్ద కళ్ళు. ఆ కళ్ళలో ఉన్న కోపానికి గుంటూరు మిర్చి యార్డులో ఉన్న ఘాటంతా చాలదు.

"చుట్టూ ఇన్ని వేల మిర్చి టిక్కీలున్నాయి. అన్నీ గోనెసంచులు, ఎండుమిరపకాయలు. ఒక్క నిప్పురవ్వ పడితే ఏం మిగుల్తుంది? సిగరెట్ తాగడానికి మీకు వేరే చోటే దొరకలేదా?"

"అది కాదండీ..."

"ఏది కాదు?" అంటూ చెయ్యి చాపి, అతని పెదాల మధ్య ఉన్నది ఒక్క లాగు లాగింది. నేలకేసి కొట్టి, చెప్పుతో నలపబోయి ఆగిపోయింది.

అది సిగరెట్ కాదు. మిరపకాయ తొడిమ.

టిక్కీలు మోస్తున్న హమాలీలు బరువులు దించి మరీ నవ్వారు. కొట్టు ముందు కూర్చుని కాయలకి తొడిమలు తీస్తున్న పుల్లమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ అమ్మాయికి ఏం చెయ్యాలో తోచలేదు. కంగారులో చేత్తో కన్ను తుడుచుకుంది. పొద్దుట్నుంచి మిరపకాయల శాంపిళ్ళు తీసిన చెయ్యి అది.

"అమ్మో! మంట! నా కళ్ళు!"

"రుద్దకండి!" ప్రసన్న పరుగున బిందె అందుకున్నాడు. "ముందు చేతులు కడుక్కోండి. తర్వాతే కళ్ళు. మిర్చి యార్డులో మొదటి రూలు ఇదేనండీ."

పుల్లమ్మ సబ్బు ఇచ్చింది. పది నిమిషాలకి ఆ అమ్మాయి కళ్ళు తెరవగలిగింది. ఎర్రగా, నీళ్ళు కారుతూ, కోపమంతా కొట్టుకుపోయి ఉన్న ఆ కళ్ళని చూశాక, తన పని ఇంక అయిపోయిందని ప్రసన్నకి అర్థమైంది.

"తొడిమ నోట్లో ఎందుకండీ పెట్టుకున్నారు?" అని అడిగింది, ముక్కు ఎగబీలుస్తూ.

"సిగరెట్ మానేసి పదకొండు రోజులైందండీ. నోరు ఊరుకోవట్లేదు. ఇది పెట్టుకుంటే కాస్త మండుతుంది. ఆ మంటలో అది గుర్తురాదు."

"చూయింగ్ గమ్ నమలొచ్చుగా?"

"మా కొట్టులో తొడిమలు ఫ్రీ అండీ."

ఆమె నవ్వింది. పేరు ఫెబా. మసాలా పొడులు తయారుచేసే కంపెనీ ల్యాబులో పని. వారానికి రెండుసార్లు యార్డుకొచ్చి శాంపిళ్ళు తీసుకెళ్తుంది. ప్రసన్న కమీషన్ కొట్టులో గుమాస్తా. ఆ రోజు నుంచి ఫెబా శాంపిళ్ళన్నీ అతని కొట్టులోనే మొదలయ్యాయి. ఇంకో వరసలో మంచి సరుకు దిగినా సరే.

సంక్రాంతి దాటేసరికి "మీరు" కాస్తా "నువ్వు" అయింది. కొట్టులో కిటికీ పక్కన ఒక ఖాళీ పచ్చడి సీసా ఉంది. సిగరెట్ తాగకుండా గడిచిన ప్రతి రోజుకీ అందులో ఒక తొడిమ వేసేవాడు ప్రసన్న. ఫెబా రాగానే ముందు సీసా ఎత్తి చూసేది.

"ఎంతవరకొచ్చింది?"

"నలభై. సీసాలో మూడో వంతు."

"నిండితే ఏం చేస్తావ్?"

"మీ నాన్నగారి దగ్గరికొస్తా."

"అబ్బో! సీసా పట్టుకునా?" అంటూ మొహం పక్కకి తిప్పుకునేది. బుగ్గలు ఎర్రబడటం కనిపించకూడదని ఆమె ఉద్దేశం. కనిపిస్తూనే ఉండేది.

ఒకరోజు మాత్రం నవ్వలేదు. పెదకాకానిలో వాళ్ళ నాన్న దానయ్య సంగతి చెప్పింది. రోజుకో పెట్టె కాల్చేవాడట. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, జేబులో ఎప్పుడూ మందు పీల్చుకునే గొట్టం.

"నా చిన్నప్పుడు బైబిలు మీద చెయ్యేసి మానేశానని చెప్పేవాడు ప్రసన్నా. సాయంత్రానికి చొక్కా జేబులో అగ్గిపెట్టె దొరికేది. తాగినందుకు కాదు నేను ఏడ్చింది. నాతో అబద్ధం ఆడినందుకు. నువ్వు నాకేం కొనివ్వక్కర్లేదు. అబద్ధం ఒక్కటి చెప్పకు చాలు."

"చెప్పను," అన్నాడు ప్రసన్న. ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ పూట అతనికి తెలియలేదు.

మార్చి నెలలో ఒంగోలు అవతల ఉన్న అక్క ఫోన్ చేసింది. బావ చెయ్యి విరిగింది, కోసిన పొగాకు బ్యారన్‌కి ఎక్కించే మనిషి లేడు, రెండు రోజులు రారా అని. పచ్చాకుని కర్రలకి కట్టి, ఎత్తైన బ్యారన్‌లో వేలాడదీసి, కింద మంట పెట్టి మగ్గబెట్టే పని అది. పొగాకు అన్న మాట వింటేనే ఫెబా మొహం మాడిపోతుంది. అందుకని "అక్క వాళ్ళ ఊరు వెళ్ళొస్తా" అని మాత్రమే చెప్పి వెళ్ళాడు. మన వాడు చేసిన తెలివితక్కువ పని అదే.

చుట్టూ పొగాకే. బావ స్నేహితులు పెట్టె చాపి "ఒకటి లాగరా" అన్నారు. తీసుకోలేదు. రెండు రోజులూ జేబునిండా తొడిమలతో గడిపి, తిరిగొచ్చాక రెండు తొడిమలు సీసాలో వేశాడు. మొత్తం తొంభై మూడు. గర్వంగా ఉంది.

అదే సాయంత్రం కాలం కాని కాలంలో వాన. యార్డంతా ఒకటే కేకలు, టార్పాలిన్ల కోసం పరుగులు. తలుపు దగ్గర తడిసిపోతున్న ఫెబా తల మీద ప్రసన్న తన భుజం మీద తువ్వాలు తీసి కప్పాడు. ఆమె అతని వంక చూసింది. చినుకులన్నీ వాళ్ళ కోసమే పడుతున్నట్టు ఒక్క క్షణం ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

అంతలో ఫెబా ముక్కు కుంచించుకుపోయింది. తువ్వాలు అంచు వాసన చూసింది.

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఏంటి?"

"పొగ వాసన ప్రసన్నా! రెండ్రోజులు ఊరెళ్ళింది ఇందుకేనా?"

బ్యారన్ సంగతి చెప్తే ఆ పూటే తేలిపోయేది. కానీ తొంభై మూడు రోజుల కష్టం ఒక్క మాటతో పోయిందన్న ఉక్రోషం అతన్ని చెప్పనివ్వలేదు.

"నీ ఇష్టం వచ్చినట్టు అనుకో!"

ఆమె తువ్వాలు తీయడం కూడా మర్చిపోయి వానలోనే వెళ్ళిపోయింది.

అరగంట తర్వాత యార్డు గేటు బయట టీ కొట్టులో నిలబడి ఉన్నాడు ప్రసన్న. ఎలాగూ తాగాననే అనుకుంటోంది కదా అనుకున్నాడు. ఒకటి కొన్నాడు, వెలిగించాడు. మొదటి దమ్ముకే దగ్గొచ్చింది, తల తిరిగింది. ఏమీ బాగోలేదు. అయినా చివరిదాకా తాగాడు. కొట్టుకి తిరిగొచ్చి, సీసాలోని తొంభై మూడు తొడిమల్నీ పుల్లమ్మ ముందున్న తొడిమల కుప్పలో ఒంపేశాడు. దుఃఖం ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఫెబా వచ్చింది. ఉతికి మడతపెట్టిన తువ్వాలు చేతిలో ఉంది.

"సారీ ప్రసన్నా. ఉతకబోతుంటే నాన్న వాసన చూశాడు. 'ఇది సిగరెట్ వాసన కాదే పిచ్చిదానా, బ్యారన్ వాసన. పచ్చాకు, కట్టెల పొగ. పన్నెండేళ్ళు ఆ పని చేసినోణ్ణి, నాకు తెలీదా?' అన్నాడు. బ్యారన్ పనికి వెళ్ళానని చెప్పొచ్చుగా? అనవసరంగా నిన్ను అనుమానించాను. నాన్నకి మన సంగతి కూడా చెప్పేశాను." సిగ్గుపడుతూ నవ్వింది. "నిన్ను చూస్తానన్నాడు."

మూడు నెలలుగా ఎదురుచూసిన మాట. తల ఊపితే చాలు. నిన్న సాయంత్రం సంగతి టీ కొట్టువాడికి తప్ప ఎవరికీ తెలియదు.

"నిన్న తాగాను ఫెబా."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"నువ్వు అనుమానించినప్పుడు తాగలేదు. నువ్వు వెళ్ళాక తాగాను. ఒకటి."

"నా వల్లా?"

"కాదు. నువ్వు కోప్పడ్డావ్, అంతే. కొన్నది నేను, వెలిగించింది నేను."

ఫెబా తువ్వాలు టిక్కీ మీద పెట్టి వెళ్ళిపోయింది.

"ఒరేయ్ ఎర్రి నాయనా," అంది పుల్లమ్మ. "నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయిందిరా?"

"తను అడిగింది అదొక్కటే పిన్నీ."

మూడు రోజులు గడిచాయి. ఫోన్ లేదు. ప్రసన్న టీ కొట్టు ఉన్న దారి మానేసి, చుట్టూ తిరిగి వెనక గేటు నుంచి వచ్చాడు. నోట్లో తొడిమ తీయలేదు. ఎవరి కోసం మానాలో తెలియకపోయినా మానాడు. మూడో రోజు రాత్రి పడుకోబోతూ, ఇది తన కోసమే అని మొదటిసారి అనిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. ఫెబా. ఫోన్ చెవిలో పెట్టుకుని ఉంది. దాన్ని అతని చేతికిచ్చింది.

"బాబూ, నేను దానయ్యని." మాటకీ మాటకీ మధ్య ఆయాసం. "ఒకటి తాగి చెప్పావంట కదా. మా అమ్మాయి మూడ్రోజుల్నించి అన్నం సరిగ్గా తినకుండా ఆలోచిస్తంది. నేను చెప్పా దానికి. 'మీ నాన్న వేలు తాగాడే, ఒక్కటీ చెప్పలేదు. చెప్పినోణ్ణి ఒదులుకోబాకు' అన్నా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రా. మెట్లు నేను దిగలేను, నువ్వే ఎక్కి రావాల."

"వస్తానండీ," అన్నాడు ప్రసన్న.

ఫెబా కిటికీ దగ్గరికెళ్ళి సీసా ఎత్తింది. "తొడిమలేవి?"

"పారబోశాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలిగా."

"ఎందుకు? ఆ తొంభై మూడు రోజులూ నువ్వు తాగావా?"

"లేదు."

"మరి అవెందుకు పోతాయి?" అంటూ పుల్లమ్మ పక్కన చతికిలబడి, కుప్పలోంచి తొడిమలు ఏరి సీసాలో వెయ్యసాగింది. ఒకటి, రెండు, మూడు. ప్రసన్న ఎదురుగా కూర్చుని తనూ ఏరాడు. తొంభై మూడు దగ్గర ఆగింది. "ఆ ఒక్క రోజుకీ తొడిమ లేదు. అంతే. ఈ మూడు రోజులు?"

"తాగలేదు."

"నాకు తెలుసు." మూడు వేసింది. "తొంభై ఆరు. మళ్ళీ ఎప్పుడైనా తప్పితే?"

"ముందు నీకే చెప్తా."

"తాగాక కాదు. తాగాలనిపించినప్పుడే చెప్పు. ఎక్కడున్నా వస్తా."

ఆ మాట అంటూండగానే ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తింది.

ప్రసన్న గభాల్న ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు ఫెబా. ముందు చేతులు కడుక్కో. తర్వాత ఏడుద్దువుగాని."