నా పేరు మీద బావ రక్తం

సూదంటే నాకు భయం లేదు. ఈ విషయంలో మా ల్యాబ్ మొత్తానికీ నేనే ఆదర్శం. రోజుకి వందమందికి రక్తం తీస్తాను. ఎంత హాయిగా తీస్తానంటే, కొందరు ఇంకో ట్యూబు కూడా తీసుకోమని బతిమాలతారు.

ఆ సూది నా వైపు తిరిగితే మాత్రం నేను నేల మీద ఉంటాను. మొదటిసారి పడినప్పుడు కుర్చీ విరిగింది. రెండోసారి, పట్టుకోబోయిన నర్సు కూడా నాతోపాటే పడింది.

ఈ సంగతి మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి తెలియదు. ఆమె పరిశోధకురాలు. కాలేయంలో క్యాన్సర్ మొదలయ్యే తొలిరోజుల్లో, మనిషికి ఇంకా ఏ నొప్పీ తెలియకముందే, రక్తంలో ఏ ఎంజైమ్ పెరుగుతుంది, ఏ హార్మోన్ తగ్గుతుంది అన్నది ఆమె వెతుకులాట. ఎంజైముల బల్ల నాది, హార్మోన్ల బల్ల ఆమెది. మధ్యలో ఒక ఫ్రిజ్.

మొదటి రోజే గొడవ. ఆమె ట్యూబుల స్టాండును నేను కింది అరలోకి మార్చాను. ఆమె పైకి మార్చింది. నేను మళ్ళీ కిందికి. ఆ వారంలో ఆ స్టాండు చేసినంత ప్రయాణం నేను పుట్టి ఇన్నేళ్ళలో చేయలేదు.

తర్వాత, రోగుల రక్తంతో పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలంది. అందరూ చేతులు చాపారు. నేను ఫ్రిజ్ తుడుస్తున్నాను. భయమా అని అడిగింది. ఎలాగూ పరగడుపున ఇవ్వాలి కదా, పొద్దున్నే ఇంట్లో నా చేత్తో నేనే తీసుకుని తెస్తానన్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళ కోసం ఇంకో అబద్ధం కూడా ఆడేవాణ్ణే, సమయానికి గుర్తురాలేదు.

నేనుండేది అక్కావాళ్ళింట్లో. బావ డ్రైవింగ్ నేర్పిస్తాడు. కొత్తవాళ్ళ పక్క సీట్లో పదేళ్ళు కూర్చున్న మనిషి, దేనికీ భయపడడు. మర్నాడు పొద్దున్నే సూది పట్టుకుని వెళ్తే, పేపర్లోంచి తలెత్తకుండానే చెయ్యి చాపాడు.

"ఎవరి కోసంరా ఇది?"

"సైన్సు కోసం బావా."

"సైన్సుకి పెళ్ళయిందా?"

నేను ట్యూబు మీద నా పేరు రాశాను.

ల్యాబ్‌లో ఆమె పేర్లన్నీ తీసేసి నంబర్లు వేస్తుంది. ఎవరిదేదో ఆమె జాబితాకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ నంబర్లలో ఒకదానికి ఎంజైమ్ ఉండాల్సినదానికి మూడింతలు వచ్చింది. కొలిచింది నేనే. ఎవరో పాపం అనుకుని టీకి వెళ్ళాను.

వారం తిరిగేసరికి ఆమె మారిపోయింది. స్టాండు ఎక్కడున్నా ఏమీ అనడం లేదు. భోంచేశారా అని అడుగుతోంది. నేను పెట్టె ఎత్తబోతే లాక్కుంటోంది. ఇది ప్రేమేనని తేల్చుకుని రెండు కొత్త చొక్కాలు కొన్నాను.

చొక్కాలు కొన్న మూడో రోజు నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది.

"కంగారుపడకండి. మీ రక్తంలో ఒక ఎంజైమ్ బాగా పెరిగింది. కాలేయం నుంచి రావాల్సిన హార్మోన్ ఒకటి సగానికి పడిపోయింది. ఏదో ఒక్కటే అయితే పట్టించుకునేదాన్ని కాదు. రెండూ కలిశాయి కాబట్టి స్కాన్ తీయించాలి." అంటూనే నా చెయ్యి పట్టుకుంది.

నా రక్తం కాదది. పేపర్ చదువుతూ చెయ్యి చాపిన బావది. చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి ఇంకా అక్కడే ఉంది. నోరు మూసుకున్నాను.

మర్నాడు పదింటికి నా పేరు మీద స్కాన్ రాయించింది. తనకి ఆ వేళకి మీటింగ్ అంది. నేను బావని తీసుకెళ్ళి, అడిగితే నా పేరు చెప్పమని బల్ల మీద పడుకోబెట్టాను. ఎందుకని బావ అడిగాడు. నిజమే చెప్పాను, కాస్త చిన్నది చేసి. అతను చొక్కా గుండీలు విప్పాడు.

పదీ పదికి తలుపు తీసుకుని ఆమె వచ్చింది. మీటింగ్ ఎగ్గొట్టి వచ్చింది. పొట్ట మీద జెల్ పూసుకున్న బావని చూసింది, గోడకి అంటుకున్న నన్ను చూసింది.

అప్పుడే డాక్టర్ తెర మీద ఒకచోట వేలు పెట్టాడు. బఠాణీ గింజంత మచ్చ. అదేమిటో తేలడానికి ఇంకా పరీక్షలున్నాయన్నాడు. చెడ్డదే అయినా ఈ సైజులో ఉండగా దొరికితే తీసేయొచ్చని, ఇంకో ఏడాది ఆగుంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదని అన్నాడు.

బావ పొట్ట మీది జెల్ తుడుచుకున్నాడు. "మీ అక్కకి నేను చెప్తాలే. నువ్వయితే కథలు అల్లుతావ్," అన్నాడు.

ఆమె బావ భుజం తట్టి, నన్ను బయటికి రమ్మంది.

"నిన్న మా అమ్మకి ఫోన్ చేసి మీ గురించి చెప్పాను. ఆరోగ్యం బాగాలేని అబ్బాయితో ఎలాగే అంది. నేను చూసుకుంటానన్నాను. అబద్ధాలాడే అబ్బాయితో ఎలా అని అడగలేదు, పాపం, తనకి తట్టలేదు."

నా దగ్గర ఎప్పుడూ పది సమాధానాలుంటాయి. ఆ పూట నిజమే చెప్పాను.

"సూదంటే నాకు చచ్చేంత భయం. అది బావ రక్తమని నిన్ననే చెప్పాల్సింది. చెప్తే చెయ్యి వదిలేస్తారని చెప్పలేదు."

"ఇంకా ఏమైనా దాచారా?"

"ఒకటుంది. మీరంటే ఇష్టం. మొదటి రోజు నుంచీ దాస్తున్నాను."

"అదొక్కటీ మీరు దాచలేకపోయారు. ల్యాబ్‌లో అందరికీ తెలుసు," అంది. కళ్ళు తుడుచుకుని తలుపు తెరిచింది. "లోపలికి రండి. ముందు ఆ రిపోర్టు మీద మీ పేరు కొట్టేయించి, బావగారి పేరు రాయించాలి."