మూడు వందల పన్నెండో పేజీ

"పదకొండున్నరకి ప్రదీప్‌ని చంపేస్తారట. ఎక్కడన్నది ఏంజలిన్ ఇచ్చిన కాగితంలో ఉంది. ఆపడం నీ పని."

చీఫ్ ఈశ్వరరావు ఫోన్‌లో అంతే చెప్పాడు. గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో, బెంగాల్ రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళ పేట న్యూ సెటిల్‌మెంట్‌లోని సింహాచలమ్మ ఇడ్లీ కొట్టులో కూర్చున్న ఏజెంట్ వినోద్ వాచీ చూసుకున్నాడు. పదకొండూ అయిదు.

ప్రదీప్ రైల్వే వర్క్‌షాప్ గుమాస్తా. సైన్యం సరుకు మోసే వ్యాగన్ల వివరాలు కొంటున్న విదేశీ ముఠాని గుర్తుపట్టగల ఒకే ఒక్క సాక్షి. ఆ పొద్దున కాపలా కానిస్టేబుల్ కళ్ళుగప్పి, ఫోన్ కూడా వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. ఏంజలిన్ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ అందగత్తె, ముఠాలో మనం పెట్టుకున్న మనిషి. ఆమె తెచ్చిన కాగితం నిండా బెంగాలీ అక్షరాలు. టైము మాత్రం విన్నానని, ఆ రాత చదవడం తనకి రాదని చెప్పింది.

వినోద్‌కి బెంగాలీ రాదు. రాకపోతేనేం, ల్యాప్‌టాప్‌లో 'నేత్ర' ఉంది. సర్వభాషా డీకోడర్ అని డిపార్ట్‌మెంట్ డప్పు కొట్టి మరీ ఇచ్చింది. కాగితాన్ని ఫోటో తీసి ఎక్కించాడు. తెర మీద తీరిగ్గా రెండు ముక్కలు వచ్చాయి.

'బెంగాలీలో ఈ మాటలకు అర్థం లేదు. ఇలాంటివి చదవాలంటే అదనపు ప్యాకేజీ కావాలి. ఐచ్ఛికం.'

వినోద్ ల్యాప్‌టాప్ టక్కున మూశాడు. హెడ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ సెక్షన్ అధికారిణి రాధిక తాపీగా పలికింది.

"మాన్యువల్ మూడు వందల పన్నెండో పేజీలో ఉంది సార్. చూసుకోలేదా?"

"ఇచ్చినరోజే నోటితో ఒక్క మాట చెప్పడానికి ఏం రోగం?"

"మీరు అడగలేదు కదా సార్. ప్యాకేజీ కావాలని ఇండెంట్ పెట్టండి, వారంలో వచ్చేస్తుంది."

ఛీ అనుకుని ఫోన్ కట్ చేశాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే రకాలు. మనిషి ప్రాణం పోతుంటే పేజీ నంబరు చెబుతున్నారు. ఇలాంటివాళ్ళతో కలిసి పనిచేస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పక్కన సింహాచలమ్మ చీటీ చూస్తూ కిరాణా కొట్టుకి ఫోన్‌లో సరుకులు చెబుతోంది. "మినపగుళ్ళు అయిదు కేజీలు, సెనగపప్పు రెండు..."

వినోద్ చూపు చీటీ మీద పడింది. అన్నీ బెంగాలీ అక్షరాలే.

"ఇదేంటి పిన్నిగారూ, చదివేది తెలుగూ, రాసింది బెంగాలీనా?"

"నాను సదివింది బెంగాలీ బడిలో బాబూ. తెలుగు అచ్చరాలు నాకెవులు నేర్పినారు? ఇక్కడ సానామందిమి ఇలాగే రాసుకుంటాం."

వినోద్ వెంటనే కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"పదకొండున్నరకి గోల్‌బజార్, సేపల బజారు ఎదర టీ కొట్టు. నాను ఆడి పక్కనే కూకుంటాను. గళాసులో కలిపీసి ఇచ్చీ." ఆమె తలెత్తింది. "ఏటి కలపడం బాబూ?"

అప్పటికే వినోద్ సైకిలెక్కాడు. తొక్కుతూనే పోలీసులకి కబురు చెప్పాడు. రిక్షాలు, ఆటోలు, చేపల గంపలు దాటుకుని గోల్‌బజార్ చేరేసరికి పదకొండూ ఇరవై తొమ్మిది. టీ కొట్టు బల్ల మీద ప్రదీప్, పక్కన ఏంజలిన్. గ్లాసు ప్రదీప్ పెదవి దాకా వెళ్ళింది.

వినోద్ సైకిల్‌తో సహా బల్ల మీద పడ్డాడు. టీ నేలపాలైంది. పారిపోబోయిన టీ కొట్టువాడిని మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు.

"ఈవిడని మీరే పంపించినారని సెప్పింది సార్," అన్నాడు ప్రదీప్.

వినోద్ ఏంజలిన్ చేతులకి బేడీలు వేశాడు. "టీ కొట్టువాడికి రాసిందీ నువ్వే, దాని నకలు తెచ్చి నాకిచ్చిందీ నువ్వే. ఎందుకు?"

"మీకు నా మీద నమ్మకం ఉండాల గదా. ఎలాగూ మీరు సదవలేరని తెలుసు. ఆ నేత్ర కంపెనీవోళ్ళు మాకూ అదే సాఫ్ట్‌వేర్ అమ్మినారు."

"ప్యాకేజీ సంగతి మీకు మాత్రం ముందే చెప్పారా?"

"లేదు. మావోళ్ళు మాన్యువల్ సదువుతారు."

వినోద్‌కి ముఠా మీద కన్నా తన ఆఫీసు మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

సాయంత్రం రాధిక ఫారం పంపింది. కాగితాన్ని ఏ ప్యాకేజీతో చదివారన్న గడిలో 'సింహాచలమ్మ' అని రాసి పంపాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది.

'ఆ వెర్షన్ మన దగ్గర లేదు సార్. ఇండెంట్ పెట్టమంటారా?'