స్తానా పుట్టించిన దెయ్యం

చీకటి పడ్డాక మా కొండ సొరంగంలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. లోపల దీపం ఉండదు. ఒక బండి దూరితే ఇంకోదానికి చోటుండదు. ఇవతల ఊరు, అవతల సముద్రంలోకి జారిపోతాయేమో అన్నట్టు ద్రాక్షతోటలు. మా పెల్యేషాట్స్ ద్వీపకల్పం మొత్తమ్మీద ఇంత చెడ్డపేరున్న చోటు ఇంకోటి లేదు.

ఆ పేరు తెచ్చింది స్తానా. ఆవిడే చెప్పింది నాకు, తలుపులన్నీ గడియ పెట్టి.

స్తానా, లూత్సా తోడికోడళ్ళు. పంపకాల్లో పెద్దకోడలు స్తానాకి ఊళ్ళో, సొరంగం పక్కనే మేడ వచ్చింది. లూత్సాకి సొరంగం అవతల, సముద్రం ఒడ్డున ద్రాక్షలు తొక్కే పాత కొట్టం. అప్పుడు స్తానా నవ్వుకుంది. ఆ కొట్టానికే లూత్సా సున్నం కొట్టించి, మంచాలు వేసి, సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకివ్వడం మొదలెట్టాక నవ్వు ఆగిపోయింది. పైగా అవతల ఫోన్ పలకదు. గది కావాలన్నవాళ్ళందరూ స్తానాకే చేస్తారు. తోడికోడలికి బేరాలు తన నోటితోనే కుదర్చాలి!

ఆ సెప్టెంబర్లో జాగ్రెబ్ పట్నం నుంచి తీహానా అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"మా ఆయన వెద్రాన్‌కి సరిగ్గా నిద్రపట్టి నెలలైందండీ. సముద్రం, కాస్త వైన్, కంటినిండా నిద్ర... అంతే కావాలి. ఇంటిదాకా కారొస్తుందా?"

"మా ఇంటికైతే గుమ్మం దాకా వస్తుందమ్మా."

"మీ ఇంట్లోంచి సముద్రం కనిపిస్తుందా?"

స్తానాకి ఒళ్ళు మండిపోయింది.

"లూత్సా ఇంటికి సొరంగంలోంచే పోవాలి," అంది గొంతు తగ్గించి. "అందులో ఒకావిడ... తెల్లగా... నెత్తిన ద్రాక్షల గంపతో నుంచుంటుంది. ఎప్పుడో పోయినావిడ."

అవతల పకపకా నవ్వు. "సరే, శనివారం పొద్దుగూకేసరికి వచ్చేస్తాం. లూత్సా గారితో చెప్పండి."

శనివారం రానే వచ్చింది. లూత్సా చేపలు కాలుస్తోంటే ఆ వాసన కొండ దాటి వస్తున్నట్టే అనిపించింది స్తానాకి. ఓర్చుకోవడం ఆవిడ వల్లకాలేదు. తెల్లదుప్పటి కప్పుకుంది. గంప నెత్తినెట్టుకుంది. సొరంగం మధ్యలోకెళ్ళి గోడకి ఆనుకుని నుంచుంది. వెనక్కి తిరిగి పోవాలి వాళ్ళు... తన ఇంటికే రావాలి.

చల్లగా ఉంది. ఎక్కడో నీటిచుక్క పడుతోంది... ఇంకేం లేదు.

కారొచ్చింది. దీపాల వెలుగు మొహాన పడింది. స్తానా చేతులు చాచి మూలిగింది.

కారు ఆగింది. అద్దం దిగింది.

"మీరేనా ఫోన్‌లో మాట్లాడింది?" తీహానా నవ్వుతోంది. "భలే చేశారే! ఎక్కండి, దింపేస్తాం. తాతగార్ని కూడా ఎక్కమనండి."

"ఏ తాత?"

"మీ వెనకాల... లాంతరు పట్టుకుని..."

స్తానా వెనక్కి తిరగలేదు. మెడ తిరగలేదట. గంప కింద పడింది. తలుపు లాక్కుని కార్లో పడింది.

"నాతో ఎవరూ రాలేదమ్మా," అంది.

తీహానా నవ్వు ఆగిపోయింది. వెద్రాన్ బండి దూకించాడు.

కొంత దూరం పోయాక తీహానా వెనకద్దంలోంచి చూసింది. "వస్తున్నాడు," అంది గుసగుసగా. "పరిగెత్తట్లేదు... మామూలుగా నడుచుకుంటూ..."

ఇల్లు చేరగానే లూత్సా ఎదురొచ్చింది. దుప్పట్లో వణుకుతున్న తోడికోడల్ని చూసి, "ఏమైందక్కా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంటూ లోపలికి పట్టుకెళ్ళింది. ఆ రాత్రి తన పక్కలోనే పడుకోబెట్టుకుంది. సొరంగంలోంచి మాత్రం ఎవరూ బయటికి రాలేదు.

కథ జాగ్రెబ్ దాకా పాకింది. జనం బెదిరిపోతారనుకున్నాం. ఇప్పుడు ఆ సొరంగం చూడ్డానికే వస్తున్నారు. దిగేది లూత్సా ఇంట్లో.

"ఎవరొదినా ఆ తాత?" అనడిగాను. స్తానా కిటికీ వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"నాకేం తెలుసే? నేను పుట్టించింది ఆడమనిషిని! వీడెక్కణ్ణించి పుట్టుకొచ్చాడో..." పళ్ళు నూరింది. "మా ఇల్లు ఇవతల పక్కనే కదా. వాడు కూడా లూత్సా ఇంటి వైపే నడిచాడు, చూశావా!"